గల్లా పక్కన చోటు

పొద్దున్నే ఎక్కడైనా దుకాణం షట్టర్ పైకి లేస్తున్న చప్పుడు వినపడితే చాలు, నా గుండె గబగబా కొట్టుకుంటుంది. ఇవాళ కూడా అంతే. మా వీధి చివర మందుల షాపాయన షట్టర్ ఎత్తాడు. ఇనుము గరగరలాడుతూ పైకి చుట్టుకుపోయిన ఆ చప్పుడుకి నేను కాఫీ గ్లాసుతోనే బాల్కనీలోకి పరుగెత్తాను. చూడడానికి అక్కడ ఏముంది? ఏమీ లేదు. కానీ నా జీవితంలో మొదటి షాట్ ఆ చప్పుడుతోనే మొదలైంది. గిద్దలూరులో మా నాయన దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, ఒళ్ళో బొరుగుల పొట్లం పెట్టుకొని, నిర్మలక్క "ఎత్తన్నా" అంది. మా నాయన షట్టర్ ఎత్తాడు. ఆ ఒక్క షట్టర్ ఎత్తడాన్ని ఆ మహాతల్లి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తీసింది. ఆపాటికి నేనైతే ఒక పెళ్ళి మొత్తం తీసి, పాటలు వేసి, పెళ్ళివారి చేతిలో పెట్టేసేదాన్ని!

మీకు నిర్మలక్క తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆమె తీసింది ఒక్కటే సినిమా. అదీ పాటలు లేని, ఫైట్లు లేని, మాటలు కూడా అంతంతమాత్రం ఉన్న సినిమా. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆయన కూతురు. ఎక్కడెక్కడో సినిమాలు నేర్చుకొని, ఎవరెవరి కిందో పనిచేసి, తల సగం నెరిశాక సొంత సినిమా తీస్తానని మళ్ళీ మా వైపు వచ్చింది. మనిషి భారీ, మాట మెత్తన. నడినెత్తి ఎండలో కూడా తొందరపడి నీడలోకి నడిచేది కాదు. ఆమె పోయి రెండేళ్ళవుతోంది. అయినా ఆమె గురించి చెప్పబోతే నాకు ఏడుపు రాదు, ఉత్సాహం వస్తుంది. ఏం చేయమంటారు, ఆమెతో గడిపిన రోజులు అలాంటివి.

అప్పట్లో నేను గిద్దలూరులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేదాన్ని. డిగ్రీ అయిపోయింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నాకేమో చేతిలో మౌస్ ఉంటే లోకం నాదే. గులాబీ రేకులు రాలడం, పెళ్ళికొడుకు మొహం గుండ్రంగా తిరుగుతూ రావడం, అన్నీ నా కళలే. పాత దుకాణాలు ఎక్కడున్నాయో అడగడానికి వచ్చిన నిర్మలక్క నా వెనక నిలబడి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందని నేను మరింత వేగంగా కోస్తున్నాను.

"పెళ్ళికూతురి తల్లి ఏడ్చింది గదా, ఏడవక ముందు ఏం చేసింది పాపా?" అని అడిగింది.

"ఏం చేస్తది? ఊరికే నిలబడింది. బోరు కొడతాదని తీసేసినా."

"అది చూపియ్యి."

తీసేసిన ముక్క మళ్ళీ పెట్టాను. ఆ తల్లి కొంగు సర్దుకుంది. కూతురి జడలో పూలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసింది. అల్లుడి వైపు చూసి నవ్వబోయి మానేసింది. ఆ తర్వాతే ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేను ఏడుపులు మాత్రమే దాచి, వాటికి కారణాలన్నీ చెత్తబుట్టలో వేస్తున్నానన్నమాట! ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి, నేను సినిమాలో పనిచేస్తానని చెప్పేశాను. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. మా నాయన మాత్రం "వాళ్ళకు పాత దుకాణం గావాల్నా? మనది లేదా?" అన్నాడు.

అలా మా కిరాణా దుకాణం సినిమాకెక్కింది, నేను అసిస్టెంట్‌నయ్యాను. నా తొందర చూసి నిర్మలక్క నాకు 'ఎక్స్‌ప్రెస్సు' అని పేరు పెట్టింది. "ఆలస్యం అమృతం విషం అక్కా" అని నేనంటే, "నిదానమే ప్రధానం, బొరుగులు తిను" అనేది. అర్ధవీడు దగ్గర ఒక షాట్‌లో దారికి అడ్డంగా మేకలు వచ్చాయి. నేను హుషారుగా పరుగెత్తి వాటిని తోలేశాను. తీరా చూస్తే ఆమె పొద్దుట్నుంచి ఎదురుచూస్తున్నది ఆ మేకల కోసమేనట! మేకలామె నడుం మీద చేతులు పెట్టుకొని నన్ను కడిగి పారేసింది. "ఓ పిల్లా, యా ఊరు మీది? మేకల్ని జూస్తే పులిని జూసినట్ల ఉరుకులాడతావేంది?" నిర్మలక్క మాత్రం మేకలు తిరిగి వచ్చే వేళ దాకా అక్కడే కూర్చుంది, నన్నూ కూర్చోబెట్టింది.

ఇక సినిమా కథ. ఇద్దరు అన్నదమ్ములు, ఒక దుకాణం. తండ్రి పోతూ తమ్ముణ్ణి అన్న చేతిలో పెడతాడు. అన్న దుర్మార్గుడు కాడు, భయస్తుడు. తన పిల్లలకు చాలదేమోనన్న భయంతో తమ్ముణ్ణి మెల్లగా బయటికి నెట్టేస్తాడు. కొట్లాట లేదు, కోర్టు లేదు. నెట్టేయడం అంతా ఒకే ఒక్క షాట్‌లో జరుగుతుంది. ఆ షాట్ మీకు అర్థం కావాలంటే మా గల్లా సంగతి చెప్పాలి.

మా వైపు పాత దుకాణాల్లో గల్లా అంటే ఉత్త డబ్బుల పెట్టె కాదు. ఎత్తుగా చెక్క బల్ల, దాని మీద తెల్ల దుప్పటి పరిచిన పరుపు, వీపుకి దిండు, ముందు పెట్టె. యజమాని దాని మీద మఠం వేసుకొని కూర్చుంటాడు. కొనేవాళ్ళు అవతల నిలబడతారు. ఇంటి మనిషి, తమ్ముడో కొడుకో, లోపలికి వస్తే గల్లా మీద ఉన్నవాడు కాస్త పక్కకు జరుగుతాడు. రమ్మని, కూర్చోమని నోటితో అనరు. జరగడమే. జరిగితే నువ్వు ఈ దుకాణంలో మనిషివి. జరగలేదంటే సరుకు కొనడానికి వచ్చినవాడివి. సినిమాలో తమ్ముడు వస్తాడు, అన్న జరగడు. అంతే షాట్. అందులో మాటల్లేవు.

అన్న వేషం వేయాల్సిన నటుడు మా ఎండలకు జడిసి రానన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిర్మలక్క తాపీగా మా నాయన చింతపండు తూచడం చూస్తూ, "అన్నా, నువ్వే చెయ్యగూడదా?" అంది. "నేనా! నాకేం నటన వచ్చునమ్మా!" అంటూనే మా నాయన మాయమయ్యాడు. కాసేపటికి నున్నగా గడ్డం గీయించుకొని, మీసాలకు నల్లరంగు కొట్టించుకొని ప్రత్యక్షం! "రంగు కడిగేసి రాపో అన్నా, నువ్వు నువ్వుగా బాగున్నావు" అని ఆమె నవ్వింది. తమ్ముడిగా దర్శి నుంచి నాటకాలాడే ఒక మాస్టారు వచ్చాడు. బజారంతా మా దుకాణం ముందే. ఆ సందడి తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు నేల మీద నిలవవు.

షాట్ మొదలైంది. మాస్టారు లోపలికి వచ్చి నిలబడ్డాడు. మా నాయన చటుక్కున పక్కకు జరిగాడు. కట్. "జరగొద్దన్నా" అని నిర్మలక్క చెప్పింది. "ఓ, సరే సరే" అన్నాడు. మళ్ళీ తీశాం. మళ్ళీ జరిగాడు. మళ్ళీ. మళ్ళీ. తల ఎత్తి తమ్ముణ్ణి చూడడం ఆలస్యం, ఆయన నడుం దానంతటదే కదిలిపోయేది. చూస్తున్న జనం పొట్టలు పట్టుకొని నవ్వుతున్నారు. నాకు పరువు పోతోంది. ఆగలేక అరిచాను.

"నాయనా! జరగొద్దంటే జరుగుతావేంది!"

"నువ్వూరుకోవే! తమ్ముడు వస్తే జరక్కుండా రాయి మాదిరి కూచుంటారా ఎవురన్నా?"

జనం చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, మా నాయన మీద అంత ప్రేమ పొంగింది. ఆఖరికి ఒక్కసారి జరగకుండా కూర్చున్నాడు. ఆ టేకులో చేత్తో పెట్టె మూత పట్టుకొని, తమ్ముణ్ణి చూసి, చూపు దించుకొని, అలాగే ఉండిపోయాడు. నిర్మలక్క ఎంతకీ కట్ చెప్పదు. చెప్పాక కూడా ఆయన లేవలేదు. తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. లైట్ల వేడి అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాకొక చిన్నాయన ఉన్నాడు, మా నాయనకు ఒక్కడే తమ్ముడు. నేను చిన్న తరగతుల్లో ఉండగా మా జేజినాయన, అంటే నాయనకు నాయన, చనిపోయాడు. ఆ తర్వాత చిన్నాయన మార్కాపురం వెళ్ళి వేరే దుకాణం పెట్టుకున్నాడు. "వాడే ఇడిపోయినాడు" అని ఇంట్లో చెప్పేవాళ్ళు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అని బజారులో అనేవాళ్ళు. బంధువుల పెళ్ళిళ్ళకు మా నాయన పొద్దున పోతే ఆయన సాయంత్రం వచ్చేవాడు. ఇద్దరూ ఎదురుపడింది, మాట్లాడింది నేను చూడలేదు. ఎందుకని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. నాకు గుర్తున్న చిన్నాయన అంటే నా జేబులో వేరుశనగలు పోసే మనిషి, అంతే.

ఎడిటింగ్ మార్కాపురంలో, బజారులో ఒక మేడ మీది గదిలో చేశాం. అక్కడ నిర్మలక్క మా నాయన పక్కకు జరిగిన టేకులన్నీ వేసి చూసి, ఎగిరి గంతేసినంత పని చేసింది. అంత నిదానం మనిషి కుర్చీలోంచి లేచి నిలబడింది! "చూసినావా ఎక్స్‌ప్రెస్సు! ఆస్తి మొత్తం కాజేసి కూడా కూచునేదానికి చోటిస్తున్నాడు. మనిషి బలహీనత అంటే ఇదే. ఇది నేను రాయలేదు, రాయలేను గూడా" అంది. ఆ టేకే పెట్టేసింది. నేను లోలోపల ఎగిరాను. తెర మీద మా నాయన ఎంత మంచివాడిలా ఉన్నాడో!

రెండు రోజులకు మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు. చూస్తే చిన్నాయన. ఆయన దుకాణం అదే బజారులో. నన్ను చూసి నవ్వి, "మా అన్న యాక్టు చేసినాడంట గదా పాపా, నాకు గూడా సూపియ్యి" అన్నాడు. నిర్మలక్క కుర్చీ వేసి, ఆ షాట్ చూపించింది. మా నాయన పక్కకు జరగడం చిన్నాయన కళ్ళార్పకుండా చూశాడు.

"బాగా చేసినాడు" అన్నాడు. మళ్ళీ తెర వైపు చూసి, "కానీ ఆ పొద్దు జరగలేదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "మా నాయన కర్మలు అయిపోయిన తెల్లారి దుకాణానికి పోయినా. నిలబడినా. అన్న సూసినాడు, తల దించుకున్నాడు. బెల్లం కొనే ఆయన వచ్చి, కొనుక్కొని పోయినాడు. నేను ఇంకా నిలబడే ఉండా. ఇంగ ఎంతసేపని నిలబడేది? వచ్చేసినా." గొంతులో కోపం లేదు. లేచి, "సినిమా గదా, మీ ఇష్టం. ఆయన జరిగినట్ల సూస్తే బాగనే ఉండాది" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చిన్నాయన అబద్ధం చెబుతున్నాడని అన్నాను. నిర్మలక్క జరగని టేకు తీసి తెర మీద పెట్టింది. మా నాయన తల దించుకున్నాడు. అచ్చం చిన్నాయన చెప్పినట్టే! అప్పుడు గానీ నాకు తెలియలేదు ఆయన పెరట్లో అంతసేపు మొహం ఎందుకు కడుక్కున్నాడో.

"అక్కా, జరిగిన టేకే ఉంచు" అని బతిమాలాను. "మా దుకాణం అది, మా నాయన అది. ఊరంతా గుర్తుపడతారు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు."

"నీ మాటా కాదు, నా మాటా కాదు. మీ నాయన్ని అడుగుదాం" అంది.

"వద్దక్కా! ఆయన పరువు పోతాది!"

"అందుకే అడగాల. పరువు ఆయనది గదా."

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి గిద్దలూరు వచ్చాం. దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆమె కిటికీలోంచి కొండలు చూస్తూనే ఉంది. దుకాణంలో గల్లా మీదే ల్యాప్‌టాప్ పెట్టి మా నాయనకు రెండు టేకులూ చూపించింది. చిన్నాయన వచ్చి చూశాడని, జరగలేదన్నాడని ఉన్నదున్నట్టు చెప్పింది. "ఏది పెట్టమంటావో నువ్వే చెప్పన్నా" అని, ఇక నోరు మూసుకుంది.

అబ్బ, ఆ నిశ్శబ్దం! మా నాయన తెర వైపు చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయిన ప్రతిసారీ నిర్మలక్క బల్ల కింద నా కాలు తొక్కింది. టీ వచ్చింది, చల్లారింది. ఎవరో వచ్చి కందిపప్పు అడిగితే ఆయన లేచి, కట్టి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేనే గనక అక్కడ దర్శకురాలినైతే 'చెప్పు, చెప్పు' అని ప్రాణం తీసి, ఆయన చేత ఏదో ఒక అబద్ధం చెప్పించేదాన్ని.

"జరగనిదే పెట్టండి" అన్నాడు చివరికి.

"నాయనా, ఊరంతా చూస్తారు!"

"సూడనీ. ఊర్లో సగం మంది ఆ పొద్దు బజార్లోనే ఉండారు. వాళ్ళకు తెలీదా?" కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వాణ్ణి ఎల్లగొట్టాలని కాదమ్మా. ఇద్దరి సంసారాలు ఒక దుకాణంలో సాగవని భయపడినా. పొద్దు గూకినాంక పోయి పిలుచుకొద్దాంలే అనుకున్యా. ఆ పొద్దు పోలేకపోయినా, ఇంగ యా పొద్దూ పోలేకపోయినా. జానెడు జరిగుంటే సరిపోయేది."

నిర్మలక్క ఆయన్ని ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. చల్లారిన టీ తీసుకొని తాగేసింది.

సినిమా పూర్తయ్యాక మొదటి ఆట గిద్దలూరులోనే, ఒక కల్యాణ మండపంలో. తెర కట్టాం, కుర్చీలు వేశాం, ఊరు ఊరంతా దిగింది. ఆ సాయంత్రం నా ఉత్సాహం చెప్పనలవి కాదు, మండపం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులే. చిన్నాయనను నేనే వెళ్ళి పిలిచాను. వస్తాడో రాడో అని గుమ్మం వైపే చూస్తున్నాను. వచ్చాడు! మా నాయన కూర్చున్న వరసలోనే, మధ్యలో రెండు కుర్చీలు వదిలేసి కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

సినిమా మొదలైంది. షట్టర్ లేచేసరికి ఈలలు వేశారు. కాసేపటికి ఆవలింతలు మొదలయ్యాయి. "ఏందయ్యా ఇది, నత్త నడిచినట్ల! జరపండయ్యా ముందుకి!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. నిర్మలక్క కూడా నవ్వింది. మేమిద్దరం పక్కన గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాం. అప్పుడు ఆ షాట్ వచ్చింది. తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. అన్న చూశాడు. తల దించుకున్నాడు. జరగలేదు.

మండపంలో నవ్వులు ఆగిపోయాయి. పెద్దవాళ్ళు కొందరు మా నాయన వైపు తిరిగి చూశారు. వాళ్ళకు తెలుసు. తెర మీద ఆ మనిషి జరగడం లేదు, షాట్ అయిపోవడం లేదు. నిర్మలక్క నిదానాన్ని నేను అంతగా తిట్టుకున్న క్షణం ఇంకోటి లేదు. అంతలో మా నాయన కుర్చీలోంచి లేచాడు. బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకొని, అక్కడే నిలబడ్డాడు. తెర మీద తమ్ముడు నిలబడి ఉన్నంతసేపూ కింద ఈయన నిలబడే ఉన్నాడు.

"ఓ పెద్దాయనా, కూచో! తెర కనపడల్యా!" వెనక నుంచి అరుపులు. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఏం తెలుసు పాపం. వాళ్ళ మీదికి వెళ్ళడానికి, నోరు మూయించడానికి, మా నాయనను పట్టుకొని కూర్చోబెట్టడానికి నేను కదిలాను. నిర్మలక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా.

అరుపులు ఎక్కువయ్యాయి. ఆయన కదల్లేదు. ఆ రెండు ఖాళీ కుర్చీల అవతల నుంచి చిన్నాయన లేచి వచ్చాడు. మా నాయన చొక్కా చేతి దగ్గర పట్టుకొని, చిన్నపిల్లవాణ్ణి లాగినట్టు లాగాడు.

"కూచో అన్నా" అన్నాడు. "ఆ పొద్దు నిలబడిన నొప్పి నా కాళ్ళకు ఇప్పుడు లేదులే. కూచో."

ఇప్పుడు నేను సొంతంగా చిన్న చిన్న సినిమాలు తీస్తున్నాను. నా తొందర ఏమీ తగ్గలేదు, నా దగ్గర పనిచేసే పిల్లలు దానికి సాక్ష్యం చెబుతారు. కానీ ఎదుటి మనిషి నోట మాట రాక నిలబడిపోయినప్పుడు, అది కెమెరా ముందైనా సరే, మా ఇంటి వంటగదిలోనైనా సరే, నా మణికట్టు మీద ఒక బరువు పడుతుంది. నోరు మూసుకుంటాను. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే చిన్నాయన తెరిచేవాడు కాదు.